మీ ఫైళ్లు భద్రంగా ఉన్నాయి

నా ఫైళ్లను కాపాడతానని వచ్చిన సాఫ్ట్‌వేరే వాటిని తుడిచిపెట్టింది. నిప్పు పడలేదు, దొంగ రాలేదు, పిడుగు పడి కంప్యూటరు కాలలేదు. కాపలాకు పెట్టుకున్నదే ఆ పని చేసింది. చేసినాక కూడా తెర మూలన పచ్చ టిక్కు పెట్టుకుని, "మీ ఫైళ్లు భద్రంగా ఉన్నాయి" అని రాసుకునే ఉండె.

ఫైళ్లంటే మా అక్క పాటలు.

మా అక్క హాలహర్వి పక్క పల్లెలో పత్తి ఏరే కూలి. అమ్మ పోయినాక నన్ను సాకింది ఆమెనే. సాలులో వంగి పత్తి ఏరుతా పాడేది, సగం తెలుగు, సగం కన్నడం. ఎవరో నేర్పిన పాటలు కావవి. చేను గల ఆసామి మీసం మీద, వాని గొడుగు మీద, నీళ్లు తెప్పించకుండా వేపచెట్టు కింద కునుకు తీసే మేస్త్రీ మీద అప్పటికప్పుడు కట్టేది. మర్నాటికి ఆ చరణం ఉండేది కాదు. కొత్తది పుట్టేది. ఆడోళ్లు నవ్వు ఆపుకోలేక ఒడిలో పత్తిని జారవిడిచేవాళ్లు. ఒకసారి నేను పనిచేసే మిల్లుకు సెలవు పెట్టి, అరువు తెచ్చిన టేపురికార్డరు గట్టు మీద పెట్టి ఆ పాటలు పట్టినాను. పాటల నడుమ ఆమె దగ్గు ఉండె. "రేయ్ సిన్నోడా, ఆ డబ్బాను ఎండలో పెట్టొద్దురా, కరిగిపోతాది" అని నన్ను అరిచిన అరుపూ ఉండె. ఆమె ఫోటో ఒక్కటన్నా లేదు. పోయినాక మిగిలింది ఆ గొంతే.

నేను బడికి పోయినోణ్ణి కాదు. ఆదోనిలో పత్తి నుంచి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లులో చీపురు పట్టుకుని చేరి, తూకం వేసేదాకా ఎక్కినాను. దూది బేళ్ల మీద వేసే గుర్తులతో అక్షరాలు వచ్చె, బజ్జీల పొట్లాలతో చదువు వచ్చె. ఇంగ్లీషూ అట్లే కూడబలుక్కుని నేర్చుకున్నాను. అందుకే అచ్చయిన మాట ఏదైనా సరే రెండుసార్లు చదువుతాను. రాసినోళ్లు ఒకసారి కూడా చదివి ఉండరని నాకు తెలుసు.

పని మానుకున్నాక నా భార్య పుట్టిన ఊరు ఎమ్మిగనూరులో కుదురుకున్నాము. ఆ మధ్య క్యాసెట్టుకు బూజు పట్టె. పాటలను కంప్యూటరుకు ఎక్కించేటప్పుడే టేపు తెగి, నలిగి, ఉండచుట్టుకుని చేతికి వచ్చె. అంటే ఇంక అక్క గొంతు ఉండేది ఆ ఒక్క కంప్యూటరులోనే. అదేమో ముసలిది. లోపల పిండిమర ఆడినట్టు చప్పుడు చేస్తాది.

అక్క కూతురు హాలహర్వి నుంచి ఫోను చేసినప్పుడల్లా ఒకటే అడుగుతుండె. "మామా, మాయమ్మ పాట నా ఫోనులో ఎప్పుడు ఏస్తావు?" తల్లి పోయేనాటికి అప్పుడే పాలు మరిచిన పిల్ల అది. తల్లి గొంతు ఎట్లుంటాదో ఎరగదు. దాని దగ్గర ఉండేది బటన్ల ఫోను. "పెద్ద ఫోను కొను అమ్మీ, ఆ పొద్దే ఏస్తా" అని చెప్తుంటి.

ఆ పాటలకు ఏమన్నా అయితే ఎట్లా అని నేను కంప్యూటరు పెట్టెను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కి ఆదోనిలో కంప్యూటర్లు బాగుచేసే అంగడికి పోయినాను. అంగడాయన మీసాలు నెరిసేదానికి దగ్గరున్న మనిషి. అయినా నన్ను తాతా అనే పిలుస్తాడు. కంప్యూటరు పెట్టెకు చెవి ఆనించి విన్నాడు.

"తాతా, ఇది నీకంటే ముందు పోతాది. బ్యాకప్ పెట్టుకో."

"ఒక పెన్ డ్రైవులో ఏసియ్యప్పా, ట్రంకుపెట్టెలో పెట్టుకుంటా."

ఆయన నవ్వినాడు. పక్కన చార్జరు కొనడానికి వచ్చినాయన కూడా నవ్వినాడు.

"ఏ కాలంలో ఉండావు తాతా? పెన్ డ్రైవు ఎలుక ఎత్తుకపోతాది. ఇప్పుడంతా ఆటోమేటిక్. నువ్వు నిద్దరపోతాంటే అది పని చేస్తాంటాది."

నేను నిద్రపోతుంటే పనిచేసే వాళ్లను మిల్లులో చానామందిని చూసినాను. వాళ్ల కోసమే గేటు కాడ జేబులు తడిమేవాళ్లు. ఆ మాట అప్పుడు నోట్లోనే మింగినాను, అనుండాల్సింది.

సాఫ్ట్‌వేర్లు మూడు చూపించినాడు. మొదటిది ఉచితం. ఉచితమని రాసిన పేజీలోనే కొనమని రాసిన చోట్లు లెక్కలేనన్ని ఉండె. రెండోది తెరిస్తే చాలు, నీ కంప్యూటరు ప్రమాదంలో ఉండాదని ఎర్రక్షరాలతో బెదిరించేది. బస్టాండులో చెయ్యి పట్టుకుని గండముందని చెప్పి తాయెత్తు అమ్మేవాడు నయం, వాడు కనీసం మన ముఖమైనా చూస్తాడు. మూడోదాంట్లో ఒక కుటుంబం మెత్తటి సోఫాలో కూలబడి, ఖాళీ తెర చూసి పండ్లన్నీ బయటపెట్టి నవ్వుతుండె. ఎందుకు నవ్వుతుండారో ఇప్పుడు తెలిసె. దాంట్లో తెలుగు ఉండె. తెలుగంటే తెలుగు కాదు, తెలుగు లిపి. "మీరు మరచిపోండి, మేము గుర్తు ఉంచుకొనుచున్నాము" అట. ఆ కింద ఇంకొక వాక్యం: "మీ కంప్యూటరులో ఏది ఉంటే మా వద్ద ఎల్లప్పుడూ అదే ఉంటుంది."

నా అలవాటు కొద్దీ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివినాను. నమ్మకం కుదిరె. ఇప్పుడు ఇంకోసారి చదివి చూడండి. దాంట్లో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అంతకంటే పెద్ద దగా నేను పత్తి మార్కెట్టులో కూడా చూడలేదు. అక్కడ పత్తి నింపిన బోరెంలో రాయి పెట్టి అమ్మినోడు దొరికితే తలన్నా దించుకుంటాడు.

ఆ మూడోదాన్నే పెట్టించుకుని, పాటలు ఇంక అంతరిక్షంలో ఉంటాయని నా భార్యకు గొప్పగా చెప్పినాను. పాటలను ఇంటర్నెట్టు మీద వాళ్ల కాడికి ఎక్కిస్తా అది కొన్నాళ్లు తిరిగి తిరిగి, కడాకు పచ్చ టిక్కు పెట్టె. "మీ ఫైళ్లు భద్రంగా ఉన్నాయి."

ఇక్కడ మా మిల్లు పద్ధతి చెప్పాల. దూది మీద ఒక్క నిప్పురవ్వ పడితే మిల్లంతా బుగ్గి. అందుకని ప్రెస్సులో బేళ్లు కట్టి గోదాముకు చేర్చినాక, అంకణంలో ఒక్క పింజ కనబడగూడదు. ఊడ్చాల. ఊడ్చింది బయట పారబోసి రావాల. నేను చేరిన కొత్తలో మా మేస్త్రీ, "గోదాముకు పోయిందే సరుకు, అంకణంలో మిగిలింది అగ్గిపుల్ల" అనేవాడు. బతుకంతా ఆ మాట మీదనే నడిచినోణ్ణి. గోదాములో సరుకు చేరిందని చీటీ వచ్చిందా, చీపురు అందుకోవాల్సిందే.

కంప్యూటరేమో స్థలం లేదు, స్థలం లేదు అని గోల. పచ్చ టిక్కు గోదాము చీటీ. ఇంకేం? ఊడ్చినాను. కంప్యూటరులో పాటల పెట్టె మొత్తం తుడిచి, దాని చెత్తబుట్ట కూడా బోర్లించి వచ్చినాను. ఏ జిన్నింగు మిల్లు మనిషైనా అదే చేస్తాడు. అంకణం ఊడిస్తే గోదాము కూడా తనంతట తానే ఊడ్చుకునే మిల్లు ఈ భూమ్మీద ఎక్కడన్నా ఉందా?

కొద్దిరోజులకే అక్క కూతురు బస్సు దిగి వచ్చె. చేతిలో పెద్ద ఫోను, దాని అద్దం మీద అంటించిన కాగితం కూడా తియ్యలేదు. "మాయమ్మ పాటతోనే దీన్ని మొదలుపెట్టాల మామా, అందుకే ఎవురికీ ఫోను కూడా చేయలేదు" అనె. నేను గొప్పగా ఆ సాఫ్ట్‌వేరు గోదాము తెరిచినాను. లోపల ఏమీ లేదు. ఖాళీ పెట్టె, పక్కన పచ్చ టిక్కు.

పిల్ల నా ముఖం చూసె. "ఇంకో రూములో ఉండాదేమో చూడు మామా" అనె. కంప్యూటరులో రూములుంటాయని అనుకుంది పాపం. ఉంటే బాగుండు.

నా భార్య వంటింట్లో నుంచి అరిచె. "అంతరిచ్చంలో దాచినానంటివే, ఏ నచ్చత్రానికి తగిలించినావో దాన్నే అడుగు!"

మర్నాడు పెట్టెను మళ్లీ మోసుకుని అంగడికి పోయినాను. అంగడాయన తెర చూసి తల గోక్కున్నాడు.

"నువ్వు డిలీట్ కొడితివి తాతా, అదీ డిలీట్ కొట్టె. దాని తప్పేముంది? నీ కాడ ఏముంటే దాని కాడ అదే. సింక్ అంటారు దీన్ని."

"బ్యాకప్ అంటివే!"

"అన్నీ ఒకటే తాతా, రవ్వంత తేడా."

"రవ్వంత తేడానా? నేను సచ్చిపోతే నాతో పాటు సచ్చేదాన్ని కాపలా అంటారా అప్పా? సతి అంటారు."

చార్జరు కోసం వచ్చేవాళ్లు ఆ పొద్దు ఎవరూ నవ్వలేదు. అంగడాయన గొంతు తగ్గించి, "వాళ్ల కాడ ఒక చెత్తబుట్ట ఉంటాది తాతా. మనకు కనబడదు. పారేసినవి కొన్నాళ్లు దాంట్లో పడుంటాయి. బిరీన రాయి, తీసిచ్చినా ఇస్తారు" అన్నాడు. ఆయన నోట్లోంచి వచ్చిన పనికొచ్చే మాట అదొక్కటే.

ఆ పూటే రాసినాను. తెలుగులోనే రాసినాను, వాళ్ల పేజీలో తెలుగు ఉండె గదా. చచ్చిపోయిన మనిషి గొంతు, వేరే నకలు లేదు, చెత్తబుట్టలో ఉంటే తీసిపెట్టండి అని సూటిగా రాసినాను. కన్ను మూసి తెరిచేలోగా జవాబు వచ్చె. ఎంత మర్యాదస్తులో అనుకున్నాను. ఇంగ్లీషులో ఉండె. నా ప్రశ్న వాళ్లకు చాలా ముఖ్యమట. నేను విలువైన ఖాతాదారుణ్ణట. కంప్యూటరును ఒకసారి ఆపి మళ్లీ పెట్టమని సలహా.

మళ్లీ రాసినాను. ఈసారి ఇంగ్లీషులో, నాకు చేతనైన ఇంగ్లీషులో. అదే జవాబు, అదే కామా, అదే ఫుల్‌స్టాపు. చివర ఒక ముఖం బొమ్మ నవ్వుతుండె. ఇంకోసారి రాసినాను. మా సేవ మీకు ఎట్లుందో చెప్పండి అని అయిదు నక్షత్రాలు పంపిరి. మా మిల్లులో గేటు కాపలాదారుకు ఒక కుక్క ఉండె. లారీ వచ్చినా, దొంగ వచ్చినా, యజమాని వచ్చినా దానిది ఒకటే మొరుగు. కాకపోతే ఆ కుక్క తనకు నేనెంతో విలువైనవాణ్ణని ఏనాడూ చెప్పలేదు.

అక్క కూతురు మాత్రం ఫోనులో గొడవ పెట్టదు. "జవాబొచ్చెనా మామా?" అని అడిగి, రాలేదంటే, "పెద్ద కంపెనీ గదా, పనులుంటాయి" అని వాళ్లనే వెనకేసుకొస్తాది. ఆ మాటకు నాకు వాళ్ల మీద ఇంకా మండుతాది. ఆ ఫోనులో ఇప్పటికీ ఒక్క పాట కూడా వేసుకోలేదంట. మొదటిది అమ్మదే కావాలని.

నేను రాస్తానే ఉన్నాను. తిట్టకుండా రాసినాను, తిట్టి రాసినాను. సోఫాలో నవ్వే ఆ కుటుంబాన్ని కూడా వదల్లేదు. పత్తి ఏరుడు మొదలై, మొదటి తీత అయిపోయి, రెండో తీత పత్తి కూడా మార్కెట్టుకు వచ్చేసె. అప్పుడు ఒక జవాబు వచ్చె. తెలుగులో ఉండె, మనిషి రాసిన తెలుగు. రెండుసార్లు చదివినాను. దాన్ని అక్క కూతురికి చదివి వినిపించే ధైర్యం లేక, ఇక్కడ రాస్తున్నాను.

"అయ్యా, నమస్కారం. తెలుగు చదవగలిగిన ఉద్యోగిని నేనొక్కదాన్నే కావడంతో మీ ఉత్తరాలు ఈ వారమే నా దగ్గరికి వచ్చాయి. మీరు మొదటి ఉత్తరం రాసిన రోజున మీ అక్కగారి పాటలు మా చెత్తబుట్టలో అలాగే ఉన్నాయి. ఆ తర్వాత గడువు తీరడంతో అవి తమంతట తామే తొలగిపోయాయి. వాటిని ఇక తీయలేము, క్షమించండి. మీరు రాసిన ఫిర్యాదులు మాత్రం నిబంధన ప్రకారం మేము ఎన్నటికీ తొలగించము. అవన్నీ మా దగ్గర భద్రంగా ఉన్నాయి. కావాలంటే నకలు పంపగలము."