వదిన బందు బటన్

మా దుకాణంల కంప్యూటర్ తెర మీద ఏమీ ఉండది. మూలకు గడియారం, అంతే. కింద పట్టీ లేదు, బొమ్మలు లేవు, కిటికీ మూసే గుర్తు సుత లేదు. కొత్తగ వచ్చినోళ్లు చూసి "ఖరాబైందా అన్నా" అని అడుగుతుండిరి. "ఖరాబు గాలే, ఉపాసం ఉన్నది" అంటుంటి.

ఉపాసం మాట అబద్ధమేం గాదు. ఆ మిషన్‌ను గాజులరామారంల పాతసామాన్ల దుకాణంల పట్టుకొచ్చిన. తెచ్చిననాడే ముసల్ది. అందరు వాడే సిస్టం ఎక్కిస్తే, బటన్ నొక్కి పోయి చాయ్ తాగొచ్చినా ఇంక లేస్తనే ఉంటుండె. నేనేమో ఏడో తరగతిల బడి ఇడిసి శామీర్‌పేట చెరువుల బాపు ఎంబడి వలలు గుంజినోన్ని. కంప్యూటర్ సదువు నాకేడికెల్లి వస్తది? ఫోన్ల వీడియోలు చూసుకుంట లినక్స్ అనే తేలిక సిస్టం ఎక్కించిన, దాని మీద విండో మేనేజర్ అని ఒక సన్నదాన్ని కూసోవెట్టిన. కిటికీలు ఏడ తెరుచుకోవాలె, ఏది ముందట ఉండాలె, ఏ బటన్ నొక్కితే ఏం గావాలె, అన్నీ అదే చూసుకుంటది. సోకులు చేసే పెద్దయి వేరే ఉంటయి, అవి మిషన్‌ను తింటయి. ఇది తినది. దీనికి ఒక్కటే ఫైలు. అందుల మనం ఏం రాస్తే అదే నడుస్తది.

ఆ ఫైలు నేను మా వదిన చేతి కోసం రాసిన.

వదిన మా ఇంటికొచ్చినప్పుడు నేను నిక్కరు మీద ఉన్న. ఆమె ఇంటర్ పాసు. "మా మరిది ఏడు పాసైండా, ఏడులనే పాసిపోయిండా?" అని పెండ్లైన వారంలనే అడిగింది. అప్పటికెల్లి మా ఇద్దరికి ఇదే పని. ఆమె ఒకటంటది, నేను రెండంట. అన్న పూల బుట్టలు మోసే ట్రాలీ ఆటో నడిపొచ్చి, ఇద్దరి నడుమ నవ్వుకుంట తింటుండె. అమ్మ పోయినంక నాకు కంచం పెట్టిన చెయ్యి వదినదే.

మేడ్చల్ బస్టాండు గల్లీల దుకాణం పెట్టినంక టైపింగు ఆమె, మిషను నేను. పెండ్లి కార్డులు, గృహప్రవేశాలు, దశదినకర్మలు, ఎమ్మార్వో ఆఫీసుకు అర్జీలు. కాలనీలల్ల ఉండే ఆంధ్రోళ్లు ఆమె కార్డుల ఒక్క ఒత్తు తప్పు పట్టలేదు. నా పని ఆ ఫైల్ల గెలుకుడు. ఒకసారి గెలుకుతుంటే ఒక్క బ్రాకెట్ తప్పిపోయి, గిరాకి నిలవడ్డప్పుడే తెర మొత్తం నల్లగైంది.

"మరిదీ, కరెంటు పోయిందా, నీ బుద్ధి పోయిందా?" అన్నది వదిన.

"రెండు ఒక్క లైన్ మీదనే ఉన్నయి వదినా, ఆగు" అన్న.

ఆమె కుడిచెయ్యి చిటికెన వేలు మొదాలు మాట ఇనుడు బందు జేసింది. పక్క వేలు దాని ఎంబడే పోయింది. చపాతి ఒత్తుతుంటె కర్ర జారుతాంది అంటే, నూనె చేతులేమో అనుకున్నం. నరాల డాక్టరు రెండు చేతులు పట్టి చూసి, కండ ఒక్కొక్కటే కరుగుతదమ్మా, మందైతే లేదు అన్నడు. బయటికొచ్చినంక అన్న పార్కింగుల ఆటో ఏడ పెట్టిండో మర్సిపోయి తిరుగుతుండు. వదిన నా దిక్కు చూసి అన్నది: "తినవెట్టుడు, తానం పోసుడు ఎవలన్న చెయ్యుండ్రి. నా టైపింగు మాత్రం ఎవలు ముట్టుకోవద్దు. నడిచినంత కాలం నా చేత్తోనే నడవాలె."

ఇగ నా పని అదే అయింది. వల చిరిగిన కాడ బాపు ఎట్ల కుట్టుకుంట పోతుండెనో, నేను గట్లనే వేలు పోయిన కాడ బటన్లు జరుపుకుంట పోయిన. కుడిచేతి బటన్లన్ని ఎడమ దిక్కు తెచ్చిన. రెండు బటన్లు ఒక్కసారి పట్టుకోవలసినయి ఒకదాని ఎనక ఒకటి నొక్కితే అయ్యేటట్టు మార్చిన. కుడిచెయ్యి మొత్తానికే పోయినంక, తెర మీద అక్షరాల పలక పెట్టిన, అరచేతితోని దొర్లించే గుండు మౌసు తెచ్చిన. మౌసు బాణం ఏ అక్షరం మీద ఆగితే ఆ అక్షరం పడాలె. పడలే. బాణం పలక మీదికి పోంగనె మిషను ఆ పలకనే అసలు కిటికీ అనుకొని, కార్డును ఎనకకు నూకుతాంది. అక్షరాలన్ని గాలిల కలుస్తున్నయి. మస్తు పరేషానైన. ఆఖరుకు "ఈ పలకకు ఎన్నడు ముందు సీటు ఇయ్యకు" అనే లైను దొరికింది.

"అంటే నువ్వు మన ఇంట్ల ఉన్నట్టు" అన్నది వదిన. "పని చేస్తవు గని ముందు సీటు లేదు."

అప్పటికి ఆమెను అన్న ఆటోల తెస్తుండు. ఎనక పూల బుట్టల నడుమ కుర్సీ ఏసి, నడుముకు తువ్వాల కట్టి. బంతిపూల నడుమ కూసోని శామీర్‌పేట కెల్లి మేడ్చల్ దాక వచ్చేది. "ఊరేగింపుకు బ్యాండు ఏది?" అని నేను అడిగితే, "నీ నోరున్నది గద" అంటుండె.

నా చెయ్యి ఊకోలే. పొద్దుగాల మిషను లేవంగనె కార్డులు వాటంతటయే తెరుచుకునేటట్టు, పొద్దూకంగనె కొట్టిందంత దాసుకొని వాటంతటయే మూసుకునేటట్టు రాసిన. వదిన కష్టం తగ్గించిన అని ఛాతి ఇరుసుకొని నిలవడ్డ. ఆమె తెర మొత్తం చూసి నా దిక్కు తిరిగింది.

"దుకాణం దాని అంతట అదే బందైతే నేనెందుకురా? దిష్టిబొమ్మనా?"

"కష్టమైతాంది గద వదినా."

"కష్టమైతేనే గద నేను చేస్తున్నట్టు."

ఆ లైన్లన్ని తీసేసిన. ఏం గావాలె చెప్పు అన్న. ఒక్క బటన్ గావాలె అన్నది. పొద్దూకి అది నొక్కితే అన్నీ దాసుకోవాలె, అన్నీ మూసుకోవాలె, తెర ఖాళీ గావాలె. అప్పటికి ఆమెకు ఎడమ బొటనేలు ఒక్కటే మాట ఇంటాంది. ఆ వేలు కింద ఉండే పొడుగు బటనే ఇచ్చిన. ఇంక వేరే ఏ పనికి అది రాదు. రోజు పొద్దూకి దాన్ని నొక్కి, తెర ఖాళీ అయిందా లేదా చూసుకొని, "బందు" అంటుండె. అన్న గప్పుడు కుర్సీ లేపుతుండె.

ఆఖరు దినం కౌకూర్ వాళ్ల పెండ్లి కార్డు మీద ఉండె. పూటంత కొడితే లగ్నం కాడికెల్లి విందు దాక వచ్చింది. 'విందు' అని కొట్టి రెండు చుక్కలు పెట్టింది. పొద్దూకింది. బొటనేలు బటన్ మీద పెట్టింది. వేలు దాని మీద పండుకొని ఉన్నది, బటన్ దిగుతలేదు.

"మరిదీ, బటన్ బరువైందిరా."

ఆ ఫైల్ల నేను రాయని లైను లేదు. బటన్‌ను తేలిక జేసే లైను అందుల లేదు. బాణాన్ని మూలకు దొర్లిస్తే బందయ్యేటట్టు చేస్త అని నేనన్న. వద్దన్నది. "నా వేలు నీ వేలు మీద పెడ్త" అని మా అన్న ముందుకొచ్చిండు. ఆయన దిక్కు చూసింది, ఆయన చెయ్యి ఎనకకు తీసుకున్నడు.

"ఉండనియ్యి, రేపు వచ్చి బందు జేస్త" అన్నది.

మల్ల రాలే. ఇంటికాడ ఊపిరి కష్టమైంది, దవఖాన్ల పండవెట్టినం, అక్కడనే పోయింది.

మండలంల సగం మంది దశదినకర్మ కార్డులు కొట్టింది మా వదిన. ఆమె కార్డు నేను గండిమైసమ్మ కాడ వేరేటోని దుకాణంల కొట్టించిన. ఆయనకు నేను తెలుసు. "మీకే దుకాణం ఉన్నది గదనే" అన్నడు. మా మిషను నా చేతికి రాదు అన్న. జోకు అనుకొని నవ్విండు. ఆమె పేరుల ఒత్తు తప్పు కొట్టిండు, దిద్దిపిచ్చిన.

కార్డుల కట్ట పట్టుకొని, ఆ పొద్దూకి దించిన మా దుకాణం షెట్టర్ మల్ల ఇప్పుడే లేపిన. ఇన్ని దినాలు కరెంటు ఎక్కువసేపు పోనట్టుంది, లోపట తెర ఆమె ఇడిసిపెట్టినట్టే ఎలుగుతాంది. 'విందు', రెండు చుక్కలు, వాటి పక్కన గీత మినుకు మినుకుమంటాంది. కట్ట బల్ల మీద పెట్టేసరికి కరెంటు పోయింది. యూపీఎస్ కూత మొదలు పెట్టింది. దాని బ్యాటరీ సుత పాతదే, చానసేపు నిలవది. ఊకుంటే మిషను దాని అంతట అదే ఆరిపోతది, ఆమె పూటంత కొట్టింది దాంతోనే పోతది. దాసుకోవాలంటే ఆ బటన్ నొక్కాలె. వేరే బటన్లన్ని ఆమె వేళ్ల ఎంబడి నేనే తీసేస్తి.

రేపు వచ్చి బందు జేస్త అన్న మనిషి కుర్సీల కూసోబుద్ధి గాలే. నిలవడే ఉన్న. కూత జల్దీ జల్దీ అయింది.

ఎడమ చెయ్యి బొటనేలు పెట్టి నొక్కిన. కార్డు దాసుకున్నది, కిటికీలు ఒకటెనక ఒకటి మూసుకున్నయి, తెర ఖాళీ అయింది.

బటన్ ఏం బరువు లేదు.