విమానం రెక్కకు మూడు ఎర్ర కుట్లు

ఫలక్‌నుమా స్టేషన్ వెనక మా దుకాణంలో ఇరవై ఏళ్లుగా ఆటో టాపులు కుడుతున్నాను. పని అయ్యాక మూలన ఎర్ర దారంతో మూడు కుట్లు వేయడం మా అత్త నేర్పిన అలవాటు. ఆ కుట్లుంటే టాపు మాదని లెక్క. చినిగితే మాట పడేదీ మేమే. పని నాకు నచ్చకపోతే ఆ దారం ముట్టను.

ఒకరోజు మ్యూజియం ఆఫీసరు వచ్చాడు. వాళ్ల దగ్గర పాత మిలిటరీ విమానం ఉందట. ఇద్దరు కూర్చుని, శత్రువు ఎక్కడున్నాడో పైనుంచి చూసొచ్చే చిన్న విమానం. రెక్కలు రేకువి కావు, సన్నని చెక్క బద్దల మీద కప్పిన గుడ్డ. ఆ గుడ్డ చీకిపోయింది. కుట్టేవాళ్లు దొరక్కపోతే విమానం గోదాము పాలే. ఎవరో మా దుకాణం చూపించారు గానీ, గోడకు వేలాడే టాపులు చూసి ఆయన మొహం చిట్లించాడు.

"ఆటో టాపులు కుట్టేటోళ్లతోని అయితదా ఇది?"

నాకు ఒళ్లు మండింది. "ఒక్క రెక్క ఇచ్చి చూడుండ్రి సార్. కాకుంటే గోదాముల్నే పడేసుకోండ్రి."

"సరే. గీ ఎర్ర కుట్లు మాత్రం వద్దు. అది మ్యూజియం వస్తువు."

ఆటో టాపుకు గుడ్డను వేళ్లు నొప్పి పుట్టేదాకా లాగాలి. వదులైతే వానాకాలం నీళ్లు నిలుస్తాయి, డ్రైవర్లు లొల్లి పెడతారు. మ్యూజియం హాల్లో రెక్కకూ అలాగే లాగి కుట్టాను. దాని మీద డోప్ అనే మందు పూశారు. పూతలు ఆరాక చూస్తే రెక్క వెనక అంచు విల్లులా వంగిపోయింది. అక్కడ పని చూసే ముసలి చాచా ఒకప్పుడు ఇలాంటి విమానాలకే మెకానిక్. ఆయన తల పట్టుకున్నాడు.

"అరే బేటీ, నువ్వెందుకు లాగినవ్? మందే లాగుతది. గుడ్డ జర వదులుగ ఉండాలె."

"ముందుగాల చెప్పొద్దా చాచా?"

"నువ్వు అడిగినవా?"

అడగలేదు. నాకంతా తెలుసన్న పొగరు. ఆఫీసరు వచ్చేసరికి నేనే కత్తెర పట్టి ఆ గుడ్డంతా కోసేస్తున్నాను.

"తప్పు నాదే సార్. మల్ల కుడత."

గుడ్డ ఊడిన చోట అంచు మళ్లీ తిన్నగా నిలవడం ఆయన వంగి చూశాడు. "ఇంకొక్కసారే," అన్నాడు చివరికి.

ఈసారి నా చెయ్యి లాగబోయినప్పుడల్లా చాచా దగ్గేవాడు. అంత వదులు గుడ్డ చూస్తే నాకే సిగ్గేసింది. మా అత్త చూసుంటే నాలుగు తిట్టేది. మందు పూస్తుంటే కాలుగాలిన పిల్లిలా రెక్క చుట్టూ తిరిగాను. ఒక్కో పూతకూ ముడతలు తగ్గుతూ వచ్చాయి. ఆఖరి పూత ఆరిన సాయంత్రం వేలితో కొట్టాను. బోనాల డప్పులా ధన్‌మని మోగింది! బద్ద ఒక్కటి వంగితే ఒట్టు. చాచా "షాబాష్!" అని అరిచాడు. ఎంత సంతోషమంటే, నేను ఆ హాల్లోనే ఈల వేశాను. ఆఫీసరు వచ్చి తనూ వేలితో కొట్టి చూశాడు. రెండో రెక్క ఇమ్మని నేను అడగాల్సిన పనే లేకపోయింది.

విమానాన్ని మళ్లీ హాల్లో నిలబెట్టిన రోజు జనం చుట్టూ మూగారు. ఆఫీసరు వాళ్లను తప్పించుకుని నా దగ్గరకొచ్చాడు.

"ఎర్ర దారం తెచ్చినవా అమ్మా?"

"తెచ్చుడేంది సార్," అన్నాను, కొంగుకు గుచ్చుకున్న సూది తీస్తూ. "పొద్దుగాలనే ఎక్కించుకొచ్చిన."