రెండో స్లాటులో కుంకుమ

లేదండీ, ర్యామ్ నేను కాజేయలేదు. అరసవల్లిలో మా మావయ్య ఫోటో స్టూడియోలో పని చేస్తాను. పెళ్లి ఆల్బమ్‌లన్నీ ఒకే సర్వర్‌లో ఉంటాయి. ఈ రోజు అది బాగా నెమ్మదించింది. మావయ్య స్క్రీన్ చూసి నా వైపు తిరిగాడు.

"ఒరే, పదారు జీబీ ఉండాల. ఎనిమిదే సూపిస్తన్నాది. రెండో ముక్క ఎవలికి అమ్మీసినావు?"

వెంటనే సర్వర్ ఆపేశాను. మూత విప్పితే రెండు ర్యామ్‌లూ లోపలే ఉన్నాయి. మార్చి మార్చి పెట్టి చూశాను. మొదటి స్లాటులో రెండూ పనిచేస్తున్నాయి, రెండో స్లాటులో ఏదీ పనిచేయట్లేదు. టార్చి వేస్తే ఆ స్లాటులో ఎర్రగా కుంకుమ! మొన్న దసరా పూజకి దుమ్ము దులుపుదామని నేను ర్యామ్‌లు తీసి ఉంచినప్పుడు, లోపలంతా బొట్లు పెట్టింది మావయ్యే.

బ్రష్‌తో శుభ్రంగా దులిపి, ర్యామ్ పెట్టి ఆన్ చేశాను. పదహారూ వచ్చేశాయి. సంతోషంగా పిలిచాను. ఆయన స్క్రీన్ చూశాడు, తర్వాత నా జేబులు చూశాడు.

"నాను అడిగీసరికి బయపడి మళ్లీ పెట్టీసినావు కదా?"

"లేదు మావా, అందులో కుంకుమ పడిపోనాది."

"ఏదీ, సూపించు."

అప్పటికే మొత్తం తుడిచేశాను. ఇప్పుడు ఆయన్ని ఎలా నమ్మించాలో మీకెవరికైనా తెలుసా?