ఇంటి డబ్బా తెచ్చుకున్న పాప

వాంతి చేసుకున్న పిల్లలను వెయ్యిమందిని వరుసగా నిలబెట్టండి. మొదట కక్కింది ఎవరో మా అమ్మమ్మ ముక్కుతోనే చెప్పేస్తుంది. పోలీసు కుక్కలు వచ్చి ఆమె దగ్గర ట్యూషన్ చెప్పించుకోవాలి.

ఆమెది ఆరోగ్యశాఖలో ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం. బడిలో పిల్లలు వాంతులతో, విరేచనాలతో పడిపోతున్నారని కబురొస్తే చాలు, సంచిలో చిన్న సీసాలు, నోటుపుస్తకం వేసుకుని బయల్దేరేది. పెళ్లిళ్లకు భోజనాల వేళకు చేరే మనిషి, వాంతులకు మాత్రం అందరికంటే ముందుండేది.

ఆ ఏడాది ఓ చిన్నపిల్లల బడిలో ఒక్కరోజే పందొమ్మిది మంది పడ్డారు. అమ్మమ్మ నేరుగా వంటగదిలోకి నడిచింది. ఇరవై ఏళ్ల అలవాటు: ముందు పొయ్యి, తరవాత పిల్లలు. గిన్నెల అడుగున మిగిలింది సీసాల్లోకి తీసి, తలుపుకు తాళం వేయించి, సీలు కొట్టించింది. వంటామె చేతులు తుడుచుకుంటూ నెమ్మదిగా అంది:

"ఇంటి నుంచి డబ్బా తెచ్చుకున్న పిల్లలూ కక్కారమ్మగారూ. వాళ్లు నా వంట ముట్టనే లేదు."

తప్పు చేసినవాళ్లందరూ ఏదో ఒకటి చెబుతారులే అనుకుంది అమ్మమ్మ. పుస్తకంలో రాసుకోలేదు.

బడి నడుస్తూనే ఉంది. మర్నాడు పదకొండు మంది. లోపలికెళ్లిన తిండి ఇంకా పనిచేస్తోందని సరిపెట్టుకుంది. ఆ మర్నాడు మరో తొమ్మిది మంది. నాలుగోరోజు పొద్దున రెండో తరగతి పాప ఒకతె, ఒంట్లో నీరంతా పోయి ఆసుపత్రి గుమ్మంలోనే కన్నుమూసింది. వంటగదికి తాళం పడిన రోజు ఆ పాప బడిలో హాయిగా ఆడుకుంది.

అమ్మమ్మ ఆ ఇంటికి వెళ్లింది. తల్లి ఏడవడం లేదు. పాప డబ్బా కడుగుతోంది, కడిగిందే మళ్లీ కడుగుతోంది. బడిలో ఏం తినేదని అడిగితే, పాప కారం ఓర్చుకోలేదని, ఏనాడూ బడి భోజనం తిననివ్వలేదని, రోజూ తానే డబ్బా కట్టేదాన్నని చెప్పింది. అమ్మమ్మకు వంటామె మాట గుర్తొచ్చింది.

తిరిగి బడికొచ్చి, ఏం తిన్నారని కాకుండా ఎక్కడ కూర్చున్నారని అడగడం మొదలుపెట్టింది. బల్లల బొమ్మ గీసి, జబ్బుపడిన ఒక్కొక్కరికీ ఒక చుక్క పెట్టింది. చుక్కలు రెండో తరగతి గదిలో ముందు బల్ల దగ్గర మొదలై పక్క గదుల్లోకి పాకాయి. అందరికంటే రెండు రోజుల ముందు ఓ పిల్లవాడు ఆ బల్ల మీదే కక్కాడట. ఆయా పనిదొంగ కాదు, వెంటనే తుడిచింది. ఆ గుడ్డనే అదే బకెట్లో ముంచి, రోజూ పొద్దున్నే మూడు గదుల బల్లలూ అద్దంలా తుడుస్తోంది.

"ఫినాయిల్ దండిగా పోశానమ్మా, వాసన చూడండి," అంది ఆయా గర్వంగా.

పిల్లలను పడేసింది తిండి కాదు, వాంతి నుంచి అంటుకునే వైరస్. అది ఫినాయిల్‌కు లొంగదు, బ్లీచింగ్ కావాలి. అమ్మమ్మ ఆయాను పల్లెత్తు మాట అనలేదు. గుడ్డ కాల్పించింది, బడి మూయించింది, బల్లలూ కుళాయిలూ తలుపు గడియలూ దగ్గరుండి కడిగించింది. వారంలో వాంతులు ఆగాయి. వంటామె మళ్లీ పొయ్యి వెలిగించింది. పైవాళ్లు మెచ్చుకుంటూ కాగితం పంపారు.

ఇంతవరకూ రాసి, ‘అలా మా అమ్మమ్మ బడి పిల్లలను కాపాడింది’ అని ముగించి, ఆమెకు చదివి వినిపించాను. కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

"ఆ చివరి ముక్క కొట్టెయ్. వంటామె మొదటిరోజే చెప్పిందిరా, నేను వినలేదు. పాప అందుకే పోయింది. అది రాయి."