గురవమ్మ వేళ్లకు మంట తిరిగొచ్చింది

సత్తెనపల్లిలో మిరపకాయల తొడిమలు తీయడానికి మాచవరం నుంచి వచ్చే ఆడకూలీల్లో గురవమ్మ ఒక్కతే చేతులు మండుతున్నాయని అనేది కాదు. ఓర్పు ఎక్కువై కాదు. నిరుడు, అంటే ఎనభై ఆరు శ్రావణంలో, గడ్డిమోపుతో జారిపడితే గాజు పగిలి కుడి మణికట్టులో దిగింది. లోపల నరం తెగింది. గుంటూరులో కుట్టారు గానీ బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు మొద్దుబారిపోయాయి. కాయ పట్టి తొడిమ తుంచేది ఆ వేళ్లతోనే.

మేస్త్రీ కోటయ్యకు అది కలిసొచ్చింది. చేతులకు రాసుకోవడానికి ఆముదమైనా తెప్పించమని మిగతావాళ్లు అడిగితే, "గురవమ్మను చూసి బుద్ధి తెచ్చుకోండే. ఒక్కసారన్నా అబ్బా అనిందా?" అనేవాడు. ఘాటు కాయల రాశులన్నీ ఆమె ముందే పోయించేవాడు. కూలిమనిషికి స్పర్శ పోతే దాన్ని కూడా పనికి వాడుకునే లోకం మనది.

గురవమ్మకు ఒకటే బెంగ. చంటిదానికి ఒళ్లు కాలుతోందో లేదో ఎడంచేత్తో చూడాల్సొస్తోంది. ఈ చెయ్యి ఇక ఇంతేనా?

నరసరావుపేటలో చూపించుకోను పోయినప్పుడల్లా డాక్టర్ రత్నకుమారి ఆమె మణికట్టు నుంచి అరచేతి మీదుగా వేలితో తట్టుకుంటూ పోయేది. ఒకచోట జివ్వుమనేది.

"అదిగో, కొస అక్కడిదాకా వచ్చింది. తెగిన నరం రెమ్మలేస్తోంది గురవమ్మా. వెన్ను పక్కనుండే కణం ప్రొటీన్లు తయారుచేసి కొసకు పంపుతుంది. వాటితోనే రెమ్మ పొడుగవుద్ది. అవతల చర్మం ఇంకో ప్రొటీన్ వదులుతుంది, ఇటు రా అని పిలిచినట్టు."

"పొటీనంటే పప్పులో ఉండేదేగా? మా అత్త రోజూ పెసలు నానేసి పెడతంది."

"తిను. కానీ తిన్నది తిన్నట్టు నరంలోకి పోదు. ఒళ్లు దాన్ని అరగదీసి, ఆ ముక్కలతో తనకు కావాల్సింది తానే కట్టుకుంటది. రెమ్మ పెరిగేది రోజుకు గోరు మందం."

"గోరు మందమా! నత్తలా పాకే మాచర్ల రైలే నయం తల్లీ!"

ఆ పిలిచే ప్రొటీన్‌ను కనిపెట్టినందుకు అప్పటికి కొద్ది నెలల కిందటే నోబెల్ బహుమతి వచ్చింది. ఎక్కడో ప్రయోగశాలలో తేలిన సంగతి మాచవరం కూలి చేతిలోనూ జరుగుతోంది. ఆ మాట ఆమెకు అర్థమయ్యేలా చెప్పే ఇలాంటి డాక్టర్లే మనకు కరువు.

మార్చిలో ఒక మధ్యాహ్నం, తొడిమలు తీస్తున్న గురవమ్మ ఉన్నట్టుండి చెయ్యి ఆపింది. చూపుడువేలి కొస చురుక్కుమంది. కాసేపటికి భగ్గుమంది.

"మండతందే వెంకమ్మత్తా! మండతంది!"

"మండితే ఏడవాల గానీ ఆ నవ్వేందే?" అంది పక్కన కూర్చున్న వెంకమ్మ.

"నవ్వనీ అత్తా. చానాళ్లకొచ్చింది."

కోటయ్య పరిగెత్తుకొచ్చాడు. "ఏందా గోల?"

"నా వేళ్లు మండతన్నయ్ మేస్త్రీ. ఇంక నన్ను చూపించి వీళ్లనేమీ అనమాక. ఆముదం తెప్పించు."

ఆడవాళ్లంతా ఎర్రబడ్డ చేతులెత్తి చూపించారు.

మర్నాడు ఆముదం డబ్బా వచ్చింది. అందరూ రాసుకున్నారు. గురవమ్మ మాత్రం ఆ పూటకు వద్దంది. ఎంత మండుతుందో ఇంకాస్సేపు చూసుకుంటానంది.