నేను అల్లిన ఇసుక గౌడు

మా ఊళ్లో ఇసుక గౌడు అనే మనిషి ఎన్నడూ లేడు. ఈ మాట మొదటే రాసేస్తున్నాను. నోటితో చెబితే ఒక్కరూ నమ్మలేదు, కాగితం మీదైనా నిలబడుతుందేమో చూడాలి.

మాది కామసముద్రం పక్కన పల్లె. రాగి చేలు, నాలుగు మామిడిచెట్లు, పట్టుపురుగులు. నేను ఏడో తరగతిలో బడి మానేశాను. బడే నన్ను మానేసిందని మా అయ్యవారు అనేవాడు. ఎవరు ఎవర్ని మానేసినా ఇద్దరమూ సుఖపడ్డాం. చదువు లేకపోయినా నోరుంది. పట్టుగూళ్లు విడిపించే రోజు ఆ నోటికి మంచి గిరాకీ. మా వైపు ఒకరింట్లో ఆ పని పడితే పది ఇళ్లవాళ్లు వచ్చి చేస్తారు. కూలి ఉండదు, రేపు వాళ్లింటికి మనం పోవాలి, అంతే. వెదురు తట్టల చుట్టూ కూర్చుని ఒక్కో గూడునూ చేత్తో పీకాలి. చేతులు ఆగకుండా ఆడాలంటే ఎవరో ఒకరు కథ చెబుతూ ఉండాలి. ఆ ఎవరో నేనే.

ఇసుక గౌడు ఆ తట్టల మధ్యనే పుట్టాడు. అప్పటికి మా పక్కనున్న బంగారు గని మూతపడి ఎంతో కాలం కాలేదు. మా నాయన చనిపోయి మాత్రం చాలా ఏళ్లయింది. ఆయన పడుచుతనంలో గనిలో పనిచేశాడు. ఒకరోజు పని నుంచి తీసేసి పంపించారు. ఎందుకు పంపించారో ఊరికంతా తెలుసు, మా ఇంట్లో మాత్రం ఎవరూ ఎత్తరు. ఆ రోజు గూళ్లు పీకుతున్న ఒక పెద్దాయన అందరి ముందూ ఎత్తాడు.

"ఏమప్పా, మీ నాయన గనిలో ఏమో దొంగిలించినాడంట కదా? ఇంట్లో యాడ పెట్టినారు ఆ బంగారం, మాకూ రవ్వంత చూపించరాదా?"

అందరూ నవ్వారు. నేను ఏడవాలి, లేదా ఇంకా పెద్దగా నవ్వించాలి. నాకు రెండోదే చేతనవును.

"దొంగతనమా? సొంత సొత్తు ఇంటికి తెచ్చుకుంటే దొంగతనం ఎట్లయితాది పెద్దప్పా? దొరలు రాకముందు ఈ వాగంతా మా తాతకు తాతది. ఇసుక గౌడు అంటారు. వాగులో ఇసుక కడిగి బంగారం తీసే జనానికంతా ఆయనే పెద్ద, గౌడంటే అదే కదా."

ఇక ఆగలేదు. గౌడుకు మీసాలు పెట్టాను, తలపాగా చుట్టాను, చట్టాలు కూడా రాసిచ్చాను. వాన కురిసిన మొదటిరోజు దొరికిన బంగారం ఆడవాళ్లది. ఒకరి గుంతలో ఇంకొకరు కడిగితే పొద్దు గూకేదాకా నెత్తిన పళ్లెం పెట్టుకుని వాగులో నిలబడాలి. పళ్లెం అంటే ఎట్లాంటిదని ఎవరో అడిగారు. ఇంట్లోకి పోయి, మా అవ్వ రాగిముద్ద తిప్పే కొయ్య పళ్లెం తెచ్చి చూపించాను. "ఇదే! గౌడు చేతిది!"

ఆ రోజుతో మా నాయన దొంగతనం ఊళ్లో చచ్చిపోయింది. గౌడు బతికాడు. ఏడాదికి నాలుగైదు పంటల గూళ్లు, ప్రతి పంటకూ గౌడు కొంచెం పెరిగాడు. కొన్నేళ్లకు పక్క ఊరి సంబంధాల వాళ్లు కూడా "ఇసుక గౌడు వంశం కదా" అనడం మొదలుపెట్టారు. నేను కాదనలేదు. అల్లుకున్న గూటిలో వెచ్చగా ఉంది.

నాకు ఒక్కతే కూతురు. నరసాపురంలో మోటారుబండ్ల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని, రోజంతా ఒకే చోట నిలబడి ఒకే రకం బోల్టు బిగిస్తుంది. పోతూ వస్తూ కంపెనీ బస్సులో చదువుకుంటుంది. దూరవిద్యలో హిస్టరీ ఎమ్మే. ఆఖరి ఏడు సొంత ఊరి చరిత్ర మీద ఒక ప్రాజెక్టు రాయాలి. అది బాగుంటే తనకు తెలిసిన కాలేజీలో పాఠాలు చెప్పే పని ఇప్పిస్తానని వాళ్ల గైడు మేడమ్ మాటిచ్చింది. బోల్టు నుంచి బయటపడే దారి అదొక్కటే.

ఆ పిల్ల ఎన్నుకున్నది ఎవరిని? ఇసుక గౌడును.

నాకు తెలిసేసరికే సగం పని అయిపోయింది. నన్ను అడగనే లేదు. సొంత నాన్న మాట సాక్ష్యానికి పనికిరాదట, పక్షపాతమట. ఊళ్లో ముగ్గురు ముసలివాళ్లను విడివిడిగా కూర్చోబెట్టి ఫోనులో రికార్డు చేసింది. ముగ్గురూ ఒకే చట్టాలు చెప్పారు. ఒకరికొకరు సంబంధం లేని ముగ్గురు ఒకటే చెబితే ఆ సంగతికి బలం వస్తుందట. కొయ్య పళ్లేన్ని ఫోటో తీసి, కింద కొలతలు రాసింది. గైడు మేడమ్ శభాష్ అన్నదట. నేను నోరు మూసుకున్నాను. నా జీవితంలో అది అరుదు.

ఆ వారమే బస్సులో ఫిలిప్పీన్స్ దీవుల పాఠం చదివింది. ఆదివారం మల్బరీ ఆకు కోస్తూ నాకు చెప్పింది. స్పెయిన్ వాళ్లు రాకముందు ఆ దీవుల్లో ఊరిని పడవ పేరుతో పిలిచేవారట, ఒక పడవలో వచ్చిన చుట్టాలంతా ఒక ఊరు. ఊరికొక పెద్ద, ఆయన కింద స్వతంత్రులు, వాళ్ల కింద పనిచేసేవాళ్లు. తెల్ల పాదిరీలు వచ్చి ఆ కిందివాళ్లందరినీ ఒక్క మాటతో బానిసలని రాసిపెట్టారట.

"కానీ నాయనా, వాళ్లలో కొంతమందికి సొంత ఇల్లుండాది, పంటలో సగం పెద్దకిచ్చి సగం తినేవాళ్లు. వాళ్లూ బానిసలేనా?"

"అది మన వారం సేద్యం కదమ్మా! మీ తాత గని నుంచి వచ్చినాక చేసిందదే."

"అదే నేను చెప్పేది. రాసినోడు ఎవరు, ఎందుకు రాసినాడు, ఎవరి నోట విన్నాడు... అన్నీ అడగాల. ఇంగో తమాషా విను. ఆ దీవుల్లో పాతకాలం రాజు రాసిన చట్టమని ఒక కాగితం బయటపడింది. తప్పు చేసినోణ్ణి మూడు గంటలు ఈదించాల, చీమలకు అప్పగించాల, ఇట్లాంటివి. ఎన్నో ఏండ్లు బడిలో పిల్లోళ్లకు నేర్పినారు. ఆ రాజు పేరుతో బిరుదులు ఇచ్చినారు. ఆఖరికి ఒకాయన కూర్చుని వెదికితే ఏముండాది? ఆ రాజే లేడు. ఎవరో ఈ మధ్య కాలపోడు అల్లేసినాడు."

చీమల సంగతి నాకెందుకు తట్టలేదా అన్నది నాకు మొదట వచ్చిన ఆలోచన. సిగ్గు తరవాత వచ్చింది.

మర్నాడు పొద్దున బస్సు స్టాపు దగ్గర చెప్పేశాను. "అమ్మా, మన గౌడు కూడా అట్లాంటోడే. నేనే చేసినాను."

"నాయనా, బస్సొచ్చే టైములో జోకులొద్దు." ఎక్కి వెళ్లిపోయింది.

కానీ పొద్దంతా బోల్టు బిగిస్తూ ఆలోచించినట్టుంది. సాయంత్రం రాగానే పిన్నీసు తీసి కొయ్య పళ్లెం పగుళ్లలో గోకింది. నల్లగా గట్టిపడిన రాగిపిండి రాలింది. ఎంత గోకినా రాగిపిండే, వాగు ఇసుక ఒక్క రవ్వా లేదు. ముగ్గురు ముసలివాళ్ల దగ్గరికి పరుగెత్తింది, మీకు మొదట ఎవరు చెప్పారని అడిగింది. మా తాత చెప్పినాడని ఒకాయన. మా అత్త చెప్పిందని ఇంకొకాయన. మూడో ఆమె, మా వీధి అవ్వ, కళ్లనీళ్లు పెట్టుకుని "గౌడు శవం పోయిన దోవలో చిన్నపిల్లగా నేనూ నడిచినాను తల్లీ" అన్నది. నా బొమ్మకు చావు కూడా చేసిపెట్టింది, నాకు చెప్పకుండా.

ఇంటికొచ్చి నా ముందు కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"సరే, గౌడు లేడు. తాత ఉన్నాడు కదా. తాతకు ఏం జరిగింది?"

నాకు తెలిసినదంతా చెబితే ముద్ద చల్లారేంత సేపు కూడా పట్టలేదు. గనిలో నుంచి పైకి వచ్చిన ప్రతిరోజూ గుడ్డలు విప్పించి, నోరు తెరిపించి, నాలుక ఎత్తించి వెదికేవారు. ఒకరోజు పంచె అంచులో శనగగింజంత బంగారపు రాయి దొరికింది. తానే పెట్టాడో, ఎవరైనా పెట్టారో, ఊరికే ఇరుక్కుందో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

"ఇది ఇంగెవరికి తెలుసు?"

తెలిసినవాళ్లు ఉండేవారు. ఆ రోజు నన్ను ఎగతాళి చేసిన పెద్దాయనకు తెలుసు. ఆయన వచ్చినవాళ్లకంతా 'ఇదే గౌడు వాగు' అని చూపిస్తూనే చనిపోయాడు. మిగిలినవాళ్ల తలల్లో మా నాయన ఉండాల్సిన చోట మీసాల గౌడును కూర్చోబెట్టింది నేను.

"ఊళ్లో వాళ్ల ముందర చెప్పు నాయనా. ఒక్కరన్నా 'అవునప్పా, నాకు యాదుండాది' అంటే చాలు. దాన్నే రాస్తాను."

ప్రాజెక్టు ఇవ్వడానికి పది రోజులే గడువు. నాలుగో రోజు మా ఇంట్లో గూళ్లు విడిపించడం పడింది. అందరూ కూర్చున్నారు. ఆ వీధి అవ్వ కూడా వచ్చింది. కూతురు గోడవార ఫోను పట్టుకుని నిలబడింది. నేను మొదలుపెట్టాను.

"ఇసుక గౌడు లేడు. నేను అల్లిన కథ."

పకపకా నవ్వారు. "ఈసారి కొత్త మాదిరి ఎత్తుకున్నాడే!"

"నవ్వద్దు. మా నాయనను దొంగ అన్నారని అల్లినాను. ఆయన్ని గని వాకిట్లో ఎట్లా వెదికేవాళ్లో చూడండి." లేచి నిలబడ్డాను. చేతులు చాపాను. నోరు బార్లా తెరిచాను. నాలుక ఎత్తాను.

ఇల్లు ఎగిరిపోయేలా నవ్వారు. ఒకామె తట్ట మీద పడి నవ్వింది. అవ్వ కళ్లు తుడుచుకుంటూ అన్నది: "అబ్బబ్బ, ఇంగ చాలప్పా, పొట్ట నొప్పెత్తతాండాది. నీ ముఖానికి ఏం చేసినా నగువే వస్తాది. అందుకే కదా నిన్ను పిలిచేది."

నేను నోరు మూసుకోవడం మరిచిపోయి అట్లాగే నిలబడ్డాను. దాంతో ఇంకా నవ్వారు. గోడవార నిలబడిన కూతురు ఒక్కతే నవ్వలేదు. ఫోను ఆపి జేబులో పెట్టుకుంది.

ప్రాజెక్టు ఆ ఏడు ఇవ్వలేదు. లేని గౌడును రాయనంది, ఉన్న తాతకు సాక్ష్యం లేదంది. కాలేజీ పని ఇంకెవరికో పోయింది. ఊళ్లోవాళ్లు నన్నేమీ అనలేదు కానీ ఆ పిల్లకు చదువు ఎక్కువై వంశం పేరు వద్దంటోందని చెప్పుకున్నారు.

రికార్డు ఇంకా తన ఫోనులో ఉంది. ఒకసారి అడిగి విన్నాను. మా నాయన గురించి నేను చెప్పిన నాలుగు మాటలూ సరిగ్గా వినబడవు. నవ్వులే వినబడతాయి.

కొయ్య పళ్లేన్ని మా ఇంటామె కడిగి మళ్లీ ముద్ద తిప్పడానికి తీసుకుంది. కూతురు పొద్దున అందులోంచే తిని మొదటి షిఫ్టు బస్సుకు పోతుంది. గూళ్ల పని పడితే జనం ఇప్పటికీ నన్ను పిలుస్తారు. పోతాను, పీకుతాను. గౌడు సంగతి చెప్పమంటారు. నేను నోరు విప్పకపోతే వాళ్లే చెప్పుకుంటారు, నాకంటే బాగా.