నోట రాని పాస్‌వర్డు

పూరీ గేట్ గుడిలో అందరూ గోవిందా అని ఎలుగెత్తుతుంటే చిలకమ్మ పెదవులు మాత్రం కదుపుతుంది. పెనిమిటి పేరు గోవిందరావు. పెళ్ళయి పాతికేళ్ళు దాటినా ఆ పేరు ఆమె నోట రాలేదు. రేషన్ ఆఫీసులో అడిగితే పక్కవాళ్ళ వైపు చూసేది. అందుకే మలంచా పేటలోని మందుల గోదాములో కంప్యూటరు ముందు కూర్చోబెట్టిన రోజున ఆ పేరే పాస్‌వర్డుగా పెట్టుకుంది. నోటితో అనకూడదు గానీ వేళ్ళతో కొడితే దోషమేముంది?

పాస్‌వర్డు ఎవరికీ చెప్పరాదని గోడకు కాగితం అంటించారు. అది రాసిన హెడ్డాఫీసు దొరలకు ఈ గది సంగతేం తెలుసు? ఇక్కడ అడిగిన పెద్దవాళ్ళకు చెప్పనంటే, దాహమన్నవాడి ముఖాన తలుపు వేసినట్టే. చిలకమ్మకు ముందు ఆ పని చేసిన షైని అడిగినవాళ్ళందరికీ చెప్పింది. ఆమె పేరు మీద ఎవరో నిద్రమాత్రల పెట్టెలు బయటికి పంపేశారు. పోయింది మాత్రం షైని ఉద్యోగం. ఆ కుర్చీలోకే చిలకమ్మ వచ్చింది. ఆ జీతంతోనే కూతురు చరిత నర్సింగు చదువుతోంది.

ఒక మంగళవారం ఆమె నీళ్ళు తాగి వచ్చేసరికి కుర్చీలో నగరేశ్వరరావు ఉన్నాడు. గోదాములో సీనియరు, ఆమెకు ఈ ఉద్యోగం ఇప్పించిన పెద్దమనిషి.

"పాస్‌వర్డు సెప్పమ్మా. రెండు పెట్టెలు నీ దాంట్లో ఎక్కించేత్తాను."

"సెప్పలేనన్నయ్యా."

"నన్నే నమ్మవేటి? నిన్నిక్కడ కూకోబెట్టినోణ్ని!"

చిలకమ్మకు ఏడుపొచ్చింది. "నమ్మకం కాదన్నయ్యా. అది నోటితో అనకూడదు."

పక్క బల్ల దగ్గర కిరణ్మయి కిసుక్కున నవ్వింది. "ఓలమ్మా! ఐతే మావయ్య పేరే కదేటత్తా!"

రెండేళ్ళుగా ఆమె సిగ్గు దాచిన పాస్‌వర్డును ఆ సిగ్గే ఒక్క మాటలో బయటపెట్టేసింది. నగరేశ్వరరావు వేలు జీ అక్షరం మీదికి వెళ్ళింది. తాను చేరిన రోజున షైని సంచీ సర్దుకుని మెట్లు దిగిన తీరు చిలకమ్మ కళ్ళ ముందు మెదిలింది.

"లెగండన్నయ్యా."

"ఏటి?"

"నా కుర్సీ. లెగండి."

పెద్దవాణ్ని కూర్చున్నచోటి నుంచి లేపడం ఆమెకు అదే మొదలు. ఆయన లేచాడు. "ఠీక్ హై," అని బయటికి పోయాడు. ఆమె కూర్చుని పాస్‌వర్డు మార్చేసింది.

"ఇప్పుడేటి ఎట్టినావత్తా?" అంది కిరణ్మయి.

"సెప్పను."

ఇందాక అన్నది సెప్పలేను అని.

మర్నాడు నగరేశ్వరరావు ఆమెను అమ్మా అనలేదు. మేడమ్ అన్నాడు. ఆ మాట రోజంతా గుచ్చుకుంటూనే ఉంది. ఆమె కుర్చీ మాత్రం వదల్లేదు.